ఆఖరి పాట తెగని రికార్డింగ్ సెంటర్

దేవుడు నాకు రెండు చెవులిచ్చాడు. వాటిలో ఎడమదాన్ని మా లెక్కల మాస్టారు తన సొంతానికి వాడుకున్నాడు. నేను ఎక్కం మరిచిపోయినప్పుడల్లా దాన్ని మెలితిప్పేవాడు. అది ఏదో ఒకరోజు ఊడి ఆయన చేతికే వచ్చేస్తుందని భయపడి ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. చెవి దక్కింది, లెక్కలు దక్కలేదు. దక్కిన ఆ చెవినే పెట్టుబడిగా పెట్టి నరసరావుపేట బస్టాండు వెనక సందులో చాలా ఏళ్ళు రికార్డింగ్ సెంటర్ నడిపాను. "వాడిది చెవి కాదు, బంగారు కొట్లో త్రాసు" అని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఆ త్రాసు ఏళ్ళ తరబడి తప్పు తూకమే తూచిందని నాకు తెలిసిన రోజు గురించి రాస్తున్నాను.

మీలో చాలామందికి రికార్డింగ్ సెంటర్ అంటే ఏమిటో తెలిసి ఉండదు. ఫోను మీద వేలితో గీకితే పాట వచ్చే కాలం మీది. అప్పట్లో పాట కావాలంటే ఇంకో మనిషి దగ్గరికి నడిచి వెళ్ళాలి. పళ్ళెమంత నల్ల రికార్డులు అందరిళ్ళలో ఉండేవి కావు. నా దగ్గర గోడ నిండా ఉండేవి. మీరు ఖాళీ క్యాసెట్టు తెచ్చి, కావలసిన పాటలు చెప్పి వెళితే, నేను రికార్డు మీద పిన్ను పెట్టి ఆ పాటలన్నీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. మాచర్ల నుంచి నాపరాళ్ళు తోలే లారీ డ్రైవర్లు, పిడుగురాళ్ళ సున్నం బట్టీల వాళ్ళు, సాగర్ డ్యాము పక్కన విజయపురి సౌత్‌లో ఉండే ఇరిగేషన్ ఉద్యోగులు, కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు, పెట్టబోతున్నవాళ్ళు, పెట్టలేకపోయినవాళ్ళు అందరూ వచ్చేవాళ్ళు.

పాట ఎంతసేపుంటే నేనూ అంతసేపు ఉండాలి. తొందరపెట్టడానికి వీల్లేదు. సందు చివర రోడ్డు మీద లారీ పోతే నేల అదిరి పిన్ను గంతేసేది. అందుకని లోపలి గదిలో, బల్ల కాళ్ళ కింద సైకిలు ట్యూబు ముక్కలు వేసి, తలుపు మూసుకుని కూర్చునేవాణ్ణి. ఫ్యాను వేస్తే వోల్టేజి పడిపోయి మిషను మూలిగేది. అందుకని ఫ్యాను ఆపుకుని చెమటలో కూర్చునేవాణ్ణి. పల్నాడు అంతా ప్రేమించుకోవడానికి కావలసిన సామానంతా నేనొక్కణ్ణే ఆ గదిలో ఉడికిపోతూ తయారుచేశాను.

నాకు పెళ్ళి కాలేదు. పెళ్ళిచూపులకు వెళ్ళిన ఒక ఇంట్లో వాళ్ళ టేపు రికార్డరు గరగరలాడుతుంటే ఊరుకోలేక విప్పి శుభ్రం చేసి వచ్చాను. వాళ్ళకు నేను బాగా నచ్చానని కబురొచ్చింది, మెకానిక్కుగా.

ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ వెలితిగా ఉండేది. దర్జీ కుట్టిన చొక్కా మర్నాడు వీధిలో ఎదురుపడుతుంది. వడ్రంగి చేసిన తలుపు దారిన పోతుంటే కనిపిస్తుంది. నా పని నాకు ఎదురుపడేది కాదు. క్యాసెట్టు జేబులో వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆ తర్వాత అది ఏ ఇంట్లో, ఏ వంటగదిలో, ఎవరి పక్కన మోగిందో నాకు తెలిసేది కాదు. తెలియకుండానే పాతికేళ్ళు గడిచాయి.

నా సెంటరుకు ఒక పేరుండేది. సిక్స్టీ క్యాసెట్టు అంటే ఒక్కో వైపు అరగంట. పాటలు మన కొలతకు పుట్టవు గదా, ఏ సెంటర్లో ఎక్కించినా వైపు చివరికి వచ్చేసరికి ఆఖరి పాట రెండో చరణంలో తెగేది. నాయిక ఏదో చెప్పబోతూ అట్లాగే నోరు తెరుచుకుని ఉండిపోయేది. నా దగ్గర తెగేది కాదు. పాట నిండుగా అయిపోయి, ఇంకాస్త ఖాళీ టేపు కూడా మిగిలేది. "పేటలో ఎక్కించుకో, ఆఖరి పాట తెగదు" అని గురజాల దాకా చెప్పుకునేవాళ్ళు. ఎట్లా అని అడిగితే "పాటలు పేర్చడంలో ఉంది కిటుకు" అని మీసం దువ్వేవాణ్ణి. అబద్ధం చెప్పానని అనుకోకండి. నేను అంతకన్నా పెద్ద పని చేశాను. నమ్మాను.

ఇంకో పేరు కూడా ఉండేది. కంపెనీ వాళ్ళు అమ్మే క్యాసెట్టులో పాట నీరసంగా ఉంటుందని, నా దగ్గర ఎక్కించిందయితే హుషారుగా ఉంటుందని. లారీ డ్రైవర్లు ఆ హుషారు కోసమే వచ్చేవాళ్ళు. "నీ టేపు ఏస్తే నిద్ర రాదన్నా" అనేవాళ్ళు.

అనుమానపడిన మనిషి ఒక్కడే. సౌత్‌లో పనిచేసి రిటైరైన ఒక ఓవర్సీరు గారు. ఆయనకు సొంతంగా రికార్డు ప్లేయరుంది, మంచి రికార్డులున్నాయి. బస్సు ప్రయాణాల్లో వినడానికి మాత్రం నా దగ్గర క్యాసెట్టు చేయించుకునేవాడు. ఒకరోజు అడిగాడు:

"ఏమయ్యా, మా ఇంట్లో రికార్డు వేస్తే పాడేవాడి గొంతు బరువుగా ఉంటుంది. నీ క్యాసెట్టులో తేలిగ్గా ఉంటుంది. ఏంది కారణం?"

"మీ పిన్ను అరిగింది సార్," అన్నాను. ఆ మాట అనడానికి ఆయన ఇంటికి వెళ్ళి చూడాల్సిన అవసరం కూడా నాకు కనిపించలేదు.

ఆయన పిన్ను మార్చాడు. మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ మార్పించాను. చివరికి ఆయన తన ప్లేయరు మీద నమ్మకం పోగొట్టుకున్నాడు.

తర్వాత సీడీలు వచ్చాయి. వెండి పళ్ళెంలా తళతళలాడుతూ, దుమ్ము పట్టకుండా, గరగర లేకుండా. జనం ఒక వేసవిలో క్యాసెట్టు వదిలేసి వాటి వెంట పడ్డారు. అయితే పేటలో ఒక వింత జరిగింది. కొన్నవాళ్ళు తిరిగి తెచ్చి నాకు చూపించడం మొదలుపెట్టారు.

"అన్నా, ఇది పాడైనట్టుంది. పాట నిద్రపోతంది."

"ఈమెకి ఒంట్లో బాగాలేనప్పుడు పాడిందేమో సూడు."

నేను ఆ సీడీని వెలుతురులో పెట్టి, అటూ ఇటూ తిప్పి, పెద్ద వైద్యుడిలా పెదవి విరిచేవాణ్ణి. "గాజు ముక్కలో ప్రాణం యాడుంటదిరా," అనేవాణ్ణి. నా చుట్టూ నిలబడ్డవాళ్ళు తలలూపేవాళ్ళు. అయినా గిరాకీ తగ్గింది. నేనూ ఒక కంప్యూటరు కొని, రికార్డుల్లోని పాటలు సీడీలకు ఎక్కించే పని మొదలుపెట్టాను. దానికి ముందు నా రికార్డు ప్లేయరును ఒకసారి బాగు చేయించాలనిపించింది.

పక్క కొట్లో మెకానిక్కు ఉండేవాడు. రేడియోలు, టీవీలు, మిక్సీలు, చేతికి ఏది దొరికితే అది బాగుచేసేవాడు. అందరూ భాయ్ అనేవాళ్ళం. మాటలు తక్కువ, చేసే పని శుభ్రం. నేను ఆయనతో చేసిన స్నేహమంతా నేను మాట్లాడటం, ఆయన స్క్రూలు తిప్పడం. ఆ ప్లేయరు మీద నేను ఆయన్ని కూడా చెయ్యి వెయ్యనిచ్చేవాణ్ణి కాదు. అది నా ఇంటి మనిషి. ఈసారి ఇచ్చాను. రెండు రోజులు విప్పిపెట్టుకుని, తుడిచి, నూనె వేసి, హైదరాబాదు నుంచి తెప్పించిన కొత్త బెల్టు వేసి ఇచ్చాడు.

మర్నాడు రికార్డు పెట్టి విన్నాను. పాట కాస్త నీరసంగా అనిపించింది. "నేనే ముసలాణ్ణయినట్టున్నాను" అనుకుని ఊరుకున్నాను. వయసు మీద నింద వేస్తే అది తిరిగి మాట్లాడదు గదా.

ఆ వారంలోనే ఆ రోజు వచ్చింది.

ఓవర్సీరు గారు బయటి బెంచీ మీద కూర్చుని సీడీలు తిరగేస్తున్నాడు. భాయ్ టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డాడు. ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. ఆమె చేతిలో మందుల కవరు ఉంది. లోపలికి రాలేదు, మెట్టు మీదే రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

"గుర్తున్నానా అబ్బాయ్? నడికుడి గేటు," అన్నాడాయన.

రైలు గేటు వేసే ఉద్యోగం ఆయనది. ఎప్పుడో నా దగ్గర క్యాసెట్టు చేయించుకున్నాడు.

"గేటు గుర్తుంది అన్నా, నువ్వే కొత్తగా ఉన్నావు," అన్నాను.

ఆయన నవ్వలేదు. సంచిలోంచి ఒక క్యాసెట్టు తీశాడు. టేపు బయటికి వచ్చి, పేగుల్లా వేలాడుతోంది.

"ఇది బాగుచెయ్యి. మా ఇంటిదాన్ని గొంతు డాక్టరుకి చూపించి వస్తన్నా. లైటేసి చూసి ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోతే పాట ఏమైనట్టు?"

విషయం ఆయనే చెప్పాడు. ఊరికి దూరంగా, మిరప చేల మధ్య గేటు. పక్కన రైల్వే వాళ్ళు కట్టిన ఒక గది. ఆయన డ్యూటీలో గేటు దగ్గరుంటే ఆమె ఆ గదిలో. పలకరించడానికి రైలు తప్ప ఎవరూ లేరు, అది కూడా ఆగదు. ఈ క్యాసెట్టు తెచ్చిన రోజు నుంచీ అందులో ఒక పాట పట్టుకుంది. రేవులో నిలబడి పడవవాణ్ణి పిలిచే పాట. అది మొదలైతే చాలు, ఆమె కూడా అందుకునేది. పొయ్యి దగ్గరా, బావి దగ్గరా, బట్టలు ఆరేస్తూ, టేపులో పాడే ఆమే ఈమే కలిసి పాడేవాళ్ళు. ఏళ్ళ తరబడి. రిటైరై ఊళ్ళోకి వచ్చాక మిషను టేపును నమిలేసింది. కూతురు సీడీలు పాడే పెట్టె కొనిచ్చి, అదే పాట ఉన్న సీడీ తెచ్చి ఇచ్చింది.

"అదే పాట, అదే మనిషి. ఇది నోరు తెరిచింది, రాలా. అడుగుకి పోతే గొంతు అందడంలా అంటది. ఊపిరి చాలడంలా అంటది. నా గొంతు పోయిందిలే అని మానుకుంది. పాటే గాదయ్యా, మాట గూడా తగ్గిపోయింది."

"మాట తగ్గితే నీకు సుఖమే గదా, ఊరుకో," అంది ఆమె రోడ్డు వైపు నుంచి తిరగకుండానే.

"సుఖమేందే? ఇంట్లో గోడలు ఇనపడతన్నాయి నాకు."

ఆమె ఇటు తిరిగింది. నాతో అంది, "ఈయన మాటలు పట్టించుకోమాక మరిదీ. గేటు కాడ నాకు ఇరుగూ లేదు, పొరుగూ లేదు. ఆ పాడేదే నా పొరుగు. ఇప్పుడామె ఒక దారి, నేనొక దారి అయినాం. వయసైపోతే అంతే."

అంత మామూలుగా అంది. బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు.

నేను క్యాసెట్టు విప్పాను. టేపు నలిగి ముడతలు పడిపోయింది. ఆ పాట మొదటి కాస్త మాత్రమే బాగుంది. నలిగింది కోసేసి, మిగిలింది అతికించి, వేలితో చుట్టి క్యాసెట్టు డెక్కులో పెట్టాను. వేణువు వచ్చింది. తర్వాత ఆ గాయని. పదహారేళ్ళ పిల్ల గొంతు, నీళ్ళ మీద గులకరాయి వేసినట్టు తుళ్ళుతూ.

మెట్టు మీద నుంచి ఇంకో గొంతు కలిసింది. పైకి కాదు, లోలోపల, ఆమెకే తెలియనంత మెల్లగా. రెండు గొంతులూ ఒకే దారిలో నాలుగడుగులు నడిచాయి. అతికించిన టేపు అయిపోయి డెక్కు టక్కుమని ఆగింది. ఆమె కూడా ఆగింది.

"పాడావు గదే!" అన్నాడు గేటాయన.

"నేనా?" అంది ఆమె.

"ఇంతేనా వదినా?" అన్నాను నేను, ఛాతీ విరుచుకుని. "ఆ రికార్డు నా దగ్గరే ఉంది. కొత్తగా ఎక్కించి ఇస్తా, పాడుకుందువు గాని."

రికార్డు తీసి, తుడిచి, పెట్టాను. అదే వేణువు. అదే పాట. ఆమె ఈసారి తెలిసే అందుకుంది. రెండో వరుసకి గొంతు కిందికి దిగబోయి జారిపోయింది. మళ్ళీ పట్టుకోబోయింది. ఊపిరి చాలక దగ్గు వచ్చింది.

"చూశారుగా," అంది. "ఎప్పుడన్నా ఒకసారి వస్తది, పోతది. పద, బస్సు పోద్ది." మందుల కవరు తీసుకుని మెట్టు దిగింది.

"అక్కా, ఆగు," అన్నాడు భాయ్. ఆయన గట్టిగా మాట్లాడటం నేను అదే వినడం. టీ గ్లాసు కింద పెట్టి లోపలికి వచ్చాడు. "టేపు మళ్ళీ పెట్టు," అన్నాడు. పెట్టాను. "రికార్డు పెట్టు." పెట్టాను. తల పక్కకి వంచి విన్నాడు.

"అక్క గొంతుకేం గాలేదురా. ఈ రెండూ ఒకటి కాదు."

"అదే పాట భాయ్, అదే మనిషి!"

"మనిషి అదే. టేపులో పెళ్ళికాని పిల్ల. రికార్డులో నలుగురు బిడ్డల తల్లి." ఆగి, నా వంక చూశాడు. "మొన్న మోటారు పుల్లీ మీద నల్లటేపు చుట్లు చుట్లుగా ఉంటే పీకి పారేశా. చెత్త అనుకున్నా. అదెప్పుడు చుట్టావు?"

అప్పుడు నాకు గుర్తొచ్చింది. దుకాణం పెట్టిన మొదటి ఎండాకాలం. బెల్టు సాగి జారుతుంటే, కొత్తది దొరక్క, పట్టు కోసం పుల్లీకి కరెంటు పనివాళ్ళ నల్లటేపు ఒక చుట్టు వేశాను. మళ్ళీ జారితే ఇంకో చుట్టు. పాట హుషారెక్కిందని సంతోషించి, ఆ తర్వాత దాని మొహం చూడలేదు.

"పుల్లీ లావైతే పళ్ళెం జోరుగా తిరుగుద్ది," అన్నాడు భాయ్. అంతే అన్నాడు.

ఈ సంగతి ఏడో తరగతి పూర్తిగా చదివినవాళ్ళకు తెలుస్తుందేమో. నేను మధ్యలోనే వచ్చేశాను.

నా మెదడులో ఒక్కొక్క లారీ వెనక్కి రావడం మొదలుపెట్టింది. డ్రైవర్లను నిద్రపోనివ్వని హుషారు. నిద్రపోయే సీడీలు. జోరుగా తిరిగింది కాబట్టి పాట పొట్టిదయ్యేది, పొట్టిదయింది కాబట్టి ఆఖరి పాట తెగేది కాదు. కిటుకు నా తెలివిలో లేదు, నల్లటేపులో ఉంది. పల్నాడులో నా చేతి మీదుగా పోయిన ప్రతి పాటా పరుగెత్తుతూనే పోయింది.

బెంచీ చప్పుడైంది. ఓవర్సీరు గారు లేచి నిలబడ్డాడు. ఆయన్ని నేను మరిచేపోయాను.

భాయ్ నా చెవి దగ్గరికి వచ్చి, "పుల్లీకి నల్లటేపు మళ్ళీ చుడితే అక్క పాట వచ్చుద్ది," అన్నాడు. ఓవర్సీరు గారి వైపు కళ్ళు తిప్పి చూపించాడు. అంటే, ఆయన ముందు చుడతావా అని.

నేను తెలివితేటలు చూపించబోయాను. "సార్, ఎండగా ఉంది, ఒక సోడా తాగి రండి," అన్నాను.

"నాకు దాహంగా లేదు," అన్నాడాయన.

ఆమె ఇంకా మెట్టు కిందే ఉంది. బస్టాండు వైపు చూస్తోంది. తన గొంతు పోయిందనే అనుకుంటోంది. ఇట్లాగే ఇంటికి పోతే ఇక నోరు తెరవదు. నా పేరు ఉన్నా ఊడినా రేపు మళ్ళీ దుకాణం తీస్తాను. ఎవరో ఒకరు తిట్టడానికైనా వస్తారు. నల్లటేపు చుట్ట తీసి బల్ల మీద పెట్టాను.

"వదినా, లోపలికి రా. నీ పొరుగామెని ఎత్తుకుపోయింది నేనే. వెతికిపెడతా."

ఎన్ని చుట్లు ఉండేవో నాకు గుర్తులేదు. పీకినవాడు లెక్కపెట్టలేదు. కొలత ఆమె చెవే. ఒక చుట్టు వేసి పెట్టాను.

"బరువుగానే ఉంది," అంది.

ఇంకోటి. "కొంచెం నయం. ఇంకా పెద్దావిడే."

ఇంకోటి, ఇంకోటి.

"ఇదేంది, చంటిపిల్ల ఏడుస్తన్నట్టుంది!"

గేటాయన ఫక్కున నవ్వాడు. "నువ్వు నవ్వమాక," అని కసిరింది. భాయ్ బ్లేడుతో సగం చుట్టు కోశాడు. చెమటకు టేపు వేళ్ళకంటుకుంటోంది. ఫ్యాను వెయ్యడానికి వీల్లేదు. నలుగురం ఆ చిన్న గదిలో, పాతికేళ్ళు నేనొక్కణ్ణే కూర్చున్న గదిలో, ఒకరి మోచేతులు ఒకరికి తగులుతూ నిలబడ్డాం. ఓవర్సీరు గారు గుమ్మంలో.

మళ్ళీ పిన్ను పెట్టాను. ఆమె అప్పుడు మొగుణ్ణి తిడుతోంది. డాక్టరు దగ్గర తన వయసు ఎక్కువ చెప్పాడని. "నువ్వు నాకన్నా..." అని మొదలుపెట్టి, వేణువు అయిపోగానే, ఆ తిట్టు సగంలో వదిలేసి పాటలోకి వెళ్ళిపోయింది. వెళ్ళానని ఆమెకు తెలియలేదు. మొగుడి వైపు చూపుడు వేలు చూపిస్తున్న చెయ్యి అట్లాగే గాల్లో ఉంది. ఇద్దరూ పడవవాణ్ణి పిలుస్తున్నారు. కింది వరుసకు దిగారు, గొంతు అందింది. పైకెక్కారు, ఊపిరి చాలింది. గేటాయన గోడ వైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు, చెమట అన్నట్టుగా.

నా పని నాకు ఎదురుపడటం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ నేను క్యాసెట్లు మాత్రమే ఇస్తున్నాననుకున్నాను. వాటిని తీసుకెళ్ళిన ఇళ్ళలో ఇట్లాంటి పని జరుగుతోందని, ఆ పనిలో నా తప్పు కూడా ఒక గుంజలా నిలబడి ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

పాటను అట్లాగే సీడీకి ఎక్కించాను. ఎక్కుతున్నంతసేపూ ఆమె మళ్ళీ పాడింది. అది అందులో పడలేదు. రికార్డులోంచి పాట వైరు గుండా పోతుంది, గదిలో గొంతు దానికి వినపడదు.

వాళ్ళు వెళ్ళాక ఓవర్సీరు గారు లోపలికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"అయితే నా పిన్ను అరగలేదన్నమాట," అన్నాడు.

"లేదు సార్."

"నా ప్లేయరు పోయింది, రికార్డులు ముసలివైనాయి అనుకుని అన్నీ మా తమ్ముడి కొడుక్కి ఇచ్చేశానయ్యా. వాడు వాటిని పెళ్ళిలో గోడలకి అంటించాడు, అందంగా ఉంటాయని."

నాకు హాస్యం ఎప్పుడూ నోటి చివర ఉంటుంది. ఆ పూట వెతికితే దొరకలేదు. ఆయన చేతిలో ఉన్న సీడీలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత రాలేదు. నేనే ఒకసారి సౌత్ బస్సెక్కి, ఆయన వీధి దాకా వెళ్ళి, తలుపు కొట్టకుండా డ్యాము చూసి వచ్చాను.

ఊళ్ళో సంగతి పాకింది. నా దుకాణం మూతపడుతుందని పందేలు వేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. జరిగింది వేరు. జనం పాత సీడీలు పట్టుకుని వచ్చారు. "అన్నా, మాకు కూడా ఆ పాత స్పీడులోనే చేసియ్యి." తప్పు కోసం వరస కట్టారు. భాయ్ ఆ నల్లటేపు ఊడకుండా పైన లక్క పూసి ఇచ్చాడు. కొన్నాళ్ళు అట్లా నడిచింది. ఆ తర్వాత పెన్‌డ్రైవులు, తర్వాత మీ ఫోన్లు. పాట కోసం ఇంకో మనిషి దగ్గరికి వెళ్ళాల్సిన పని అయిపోయింది.

ఇప్పుడు దుకాణం ఫోను కవర్లు అమ్మేవాళ్ళకు ఇచ్చేశాను. భాయ్ పోయి చాలా కాలమైంది. ఆయన పోయాక నాకు తెలిసింది, మా ఇద్దరిలో మాటలన్నీ నావే అయినా వాటిని పుట్టించింది ఆయన స్క్రూడ్రైవరని. ఇప్పుడు మాటలున్నాయి, పుట్టడం లేదు.

రికార్డు ప్లేయరు నా గదిలో ఉంది. గోడ నిండా రికార్డులు కూడా. ఈ మధ్య మీలాంటి వాళ్ళు మళ్ళీ రికార్డులు వెతుక్కుంటున్నారని విన్నాను. మంచిదే. ఒక వర్షం రోజు ఏమీ తోచక, లక్క గీకి, ఆ నల్లటేపు చుట్లన్నీ ఒక్కొక్కటే విప్పేశాను. ఆ పడవ పాట పెట్టాను. ఈసారి ఎవరూ అడ్డం లేరు, తొందర లేదు, మొదటి నుంచీ చివరి దాకా విన్నాను. ఆ గాయని నిజంగా అంత నెమ్మదిగా పాడింది. పడవ రాదని తెలిసిన మనిషి పిలిచే పిలుపు అది. మేమందరం దాన్ని తుళ్ళింతగా విన్నాం. పాట అయిపోయాక పిన్ను ఖాళీ గాడిలో చాలాసేపు తిరిగింది. లేచి తియ్యాలనిపించలేదు. ఈ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరున్నారని ఆలోచిస్తే, ఆ రోజు గేటాయన రాసిచ్చి వెళ్ళిన నంబరొక్కటే తట్టింది.

ఫోను గేటాయన భార్యే ఎత్తింది. వెనక నుంచి అదే పాట వినపడుతోంది, జోరుగా. గేటాయన ఏదో అరుస్తున్నాడు, చారులో ఉప్పు గురించి.

నా వెటకారం నేను మానుకోలేదు. "వదినా, ఇప్పుడే అసలు స్పీడులో విన్నా. ఆమె పాడింది ఇదీ. నువ్వు ఇన్నేళ్ళూ గొంతు చించుకుని పాడిందంతా తప్పు పాట, తెలుసా?"

ఆమె గరిట కింద పెట్టిన చప్పుడైంది.

"తప్పయితే తప్పేలే మరిదీ. ఆమే నేనూ కలిసే తప్పాం. నువ్వు సరిగ్గా ఇనుకో, ఒక్కడివే కూచోని."